తడి పడుగు

ధర్మలింగం చెప్పులు విడవకుండానే హాల్లోకి వచ్చేశాడు.

ఆ ఇంట్లో అలా ఎవరూ రారు. హాలులో సగం మగ్గమే. మగ్గం గుంట దగ్గరికి చెప్పులతో వస్తే సెల్లమ్మ మనవరాలినైనా వదిలిపెట్టదు. ఇవాళ మాత్రం పెద్దకొడుకు కాళ్ళ వంక చూసి కూడా చూడనట్టు దీపం వత్తులు చేసుకుంటూ కూర్చుంది. అత్త ఏ పక్కన ఉందో కాంచనకు అప్పుడే తెలిసిపోయింది.

"యాడ అది? తనుశ్రీ యాడ?"

కాంచన నూలు కండెలు చుడుతున్న రాట్నం ఆపింది. "కాలేజీ నుంచి ఇంకా రాలేదు బావా. ట్రైను లేటేమో."

"ఏ ట్రైను? తిరువళ్ళూరు పోయి కలెక్టరాఫీసులో మను ఇచ్చొచ్చినాదే, ఆ ట్రైనేనా? పెదనాయన మీద కాయితం రాసిచ్చే అంత పెద్దదైపోయిందా నీ కూతురు?"

"నీ మీద కాదు బావా. పావడిలో చెట్లు కొట్టొద్దని రాసింది. బూతులేమైనా రాసిందా?"

"బూతులు రాసుంటే బాగుండు. చించి పారేసుందురు."

గుంటలో కూర్చున్న ఆమె భర్త వరదన్ తల ఎత్తలేదు. పోగును మోసుకుని నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. అన్న కేకలేస్తున్నప్పుడు మగ్గం ఆపితే తను కూడా మాట్లాడవలసి వస్తుందని అతనికి బాగా తెలుసు.

వీధి వెనక ఉన్న పొడవాటి ఖాళీ స్థలాన్ని అందరూ పావడి అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగుల పడుగును బారుగా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టే చోటు అది. తడి పోగుకు ఎండ తగిలితే పుటుక్కున తెగుతుంది. అందుకే ఏ తాతలో అక్కడ వరసగా కానుగ చెట్లు పెట్టి పోయారు. ఇప్పుడు వీధిలో అందరివీ కరెంటు మగ్గాలే. వాళ్ళ పడుగులు గంజి తాగి, చుట్ట చుట్టుకుని మిల్లు నుంచే దిగుతాయి. పావడిలో పడుగు చాపేవాడు వరదన్ ఒక్కడే మిగిలాడు. సంఘం ప్రెసిడెంటు ధర్మలింగానికేమో ఆ నీడలో చెట్లు కనిపించడం మానేసి చాలా కాలమైంది. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండకు వచ్చే వాళ్ళ కార్లు కనిపిస్తున్నాయి, వరసగా, నీటుగా, పార్కింగ్ చీటీలతో సహా.

"ఒక్క మగ్గం కోసం వీధంతా ఆ చెట్లకి కాపలా ఉండాలా?" అన్నాడు ధర్మలింగం. "వేర్లు పోయి కాలవ పగిలింది. ఆకులు ఊడ్చేదానికి మనిషి లేడు. కృత్తికకి జనం వచ్చి మన గుమ్మాల్లో బండ్లు పెట్టి పోతా ఉండారు. ఆ స్థలం పార్కింగ్ చేస్తే సంఘానికి ఒక ఆదాయం. మన పిల్లోళ్ళకి ఒక దారి. ఇది తప్పా? చెప్పు, తప్పా?"

"ఎండాకాలంలో తిరుత్తణి అంతా ట్యాంకర్ వెనకాల బిందెలెత్తుకుని పరిగెత్తింది. మన పావడి బావి ఎండలేదు. ఆ చెట్లుండబట్టే కదా బావా. నీ ఇంటికి నీళ్ళు యాడ నుంచి వచ్చినాయి?"

"ఓ, నువ్వు కూడా కలెక్టరైనావా?"

సెల్లమ్మ వత్తి నలుపుతూనే అంది. "పెద్దోడు మాట్లాడతా ఉంటే ఎదురు చెప్పేది మా కాలంలో లేదు."

"మీ కాలంలో చెట్లు కొట్టేదీ లేదత్తా."

నాడె ఆగింది. వరదన్ గుంటలోంచే "కాంచనా" అన్నాడు మెల్లిగా. అంతకంటే ఎక్కువ అనలేదు.

ధర్మలింగం నవ్వాడు. ఆ నవ్వుకు కాంచనకు కేకల కంటే ఎక్కువ భయం వేసింది.

"రేపు మధ్యాహ్నం ఆఫీసర్లు వచ్చి చెట్లు చూస్తారంట. నాకు ఫోను వచ్చింది. రానీ. వచ్చి మొద్దులు చూసి, కాఫీ తాగి పోనీ. తెల్లారేసరికి నేను రంపం మిషను పెట్టిస్తా ఉండా."

"ఆ చెట్లు నీ ఒక్కడివి కావు బావా. వీధివి."

"వీధే కదమ్మా చెప్పింది! అందరూ ఆకు ఎత్తుకున్నారు. నమ్మకుంటే అడుగు నీ మొగుణ్ణి, పళ్ళెంలో ఆకు ఎత్తుకున్నాడా లేదా అని."

కాంచన గుంట వైపు తిరిగింది. వరదన్ పోగు ఏదో తెగినట్టు వంగి వెతుకుతున్నాడు. ఏ పోగూ తెగలేదని అంత దూరం నుంచి ఆమెకు కూడా కనిపిస్తూనే ఉంది.

వాళ్ళ సంఘంలో చేతులెత్తడం, సంతకాలు పెట్టడం లేవు. మాట తేలాక ప్రెసిడెంటు తమలపాకుల పళ్ళెం అందరి ముందుకీ పంపుతాడు. ఒప్పుకున్నవాడు ఆకు తీసుకుంటాడు, ఒప్పుకోనివాడు పళ్ళేన్ని పక్కవాడికి తోసేస్తాడు. ఒకసారి తీసుకున్న ఆకును తిరిగి ఇవ్వడమంటే సంఘం నుంచి లేచిపోవడమే. చావుకీ పెళ్ళికీ ఆ గడప ఎవరూ తొక్కరు.

"ఇంకోటి కూడా విను," అన్నాడు ధర్మలింగం గుమ్మంలో ఆగి. "రేపట్నించి ఈ ఇంటి పడుగు పట్టేదానికి వీధిలో ఒక్క చెయ్యి రాదు. చెప్పేసినా అందరికీ. చెట్లే ముఖ్యం కదా నీకు, చెట్లనే వచ్చి పట్టమను. లేదంటే మణవాళనగర్లో మీ అన్న ఉండాడు కదా, ఆడికి పో. ఆడ ఏమన్నా చెట్లుంటే వాటిని కాపాడుకో."

అది ఉత్త బెదిరింపు కాదు. పావడిలో పడుగు చాపడం ఒక ఇంటి వల్ల అయ్యే పని కాదు. గంజి ఆరేలోగా దువ్వాలి, పోగు పోగూ విడదీయాలి, కొస లాగి పట్టుకోవాలి. అందుకే తాతల నాటి నుంచి, ఎవరి పడుగైనా సరే, తెల్లవారుతూనే వీధి అంతా వచ్చి చేతులు వేసి పోతుంది. సొంత ఇళ్ళలో కరెంటు మగ్గాలు ఆడుతున్నా వరదన్ పడుగుకు మాత్రం ఇప్పటిదాకా అందరూ వచ్చారు. పిలవలేదు, కూలి అడగలేదు. అలవాటు కొద్దీ వచ్చారు. ఆ అలవాటును ధర్మలింగం ఒక్క మాటతో తెంపి పారేశాడు.

అతను వెళ్ళిపోయాడు. సెల్లమ్మ వత్తులన్నీ డబ్బాలో పెట్టుకుని లేచింది.

"అన్నదమ్ముల మధ్య మగ్గం పెట్టినోళ్ళని చూసినా. చెట్టు పెట్టినదాన్ని ఇప్పుడే చూస్తా ఉండా," అని వంటింట్లోకి పోయింది.

* * *

"ఎత్తుకున్నావా?"

వరదన్ చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంటున్నాడు. ఇంకా దీపాలు పెట్టలేదు. పెరట్లోకి పావడి మీది గాలి వస్తోంది.

"నిన్నే అడుగుతా ఉండా. ఆకు ఎత్తుకున్నావా?"

"ఎత్తుకున్నా."

"చెట్లు కొట్టేదానికి?"

"నాకు తెలీలేదు కాంచనా. మీటింగు ముగిసిందనుకున్నా. పొయ్యేటప్పుడు ఇస్తారు కదా తాంబూలం, అదనుకున్నా. పోగుల లెక్క తలలో తిరగతా ఉండాది. అన్న పళ్ళెం చాపినాడు. చెయ్యి పోయింది."

"చెయ్యి పోయిందా!"

"నీ మీదొట్టు."

"నా మీద వద్దు. నీ మగ్గం మీద పెట్టు."

అతను ఇంకో చెంబు నీళ్ళు చేతుల మీద పోసుకున్నాడు. కాంచనకు ఒళ్ళంతా మండింది. నిజంగానే పొరపాటున ఎత్తుకున్నాడేమో. పడుగు గురించి ఆలోచిస్తే ఈ మనిషికి అన్నం ముందున్నా కనిపించదు. కానీ ఆ పొరపాటు తెలిశాక కూడా ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదే! కూతురు తిరువళ్ళూరు ఎండలో లైన్లో నిలబడి మను ఇచ్చి వచ్చిన రోజున పక్కన కూర్చుని మజ్జిగన్నం తిన్నాడే! ఆకు ఎత్తుకున్నందుకు కాదు, ఆ మజ్జిగన్నానికి ఆమెకు ఏడుపు వచ్చింది.

"పోయి చెప్పు. తెలీక ఎత్తుకున్నా, నాకు సమ్మతం లేదని చెప్పు."

"ఆకు తిప్పి ఇచ్చేదా? అన్నకా? మా అమ్మ బతికుండగానే?"

"చెట్లు పోతే పడుగు యాడ చాపతావు? కార్ల మీదా?"

"అన్నే ఏదో ఒకటి చేస్తాడు. సుమ్మా అట్టే వదిలేస్తాడా తమ్ముణ్ణి?"

"చేసినాడు కదా ఇప్పుడే. చేతులు రావని చెప్పి పోయినాడు."

వరదన్ తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో మగవాళ్ళకు మాట లేనప్పుడు తువ్వాలు ఉంటుంది.

తనుశ్రీ వచ్చేసరికి వంటింట్లో అత్తాకోడళ్ళు ఒకరికొకరు వీపులు చూపించుకుని ఉన్నారు. సంగతి విని ఆ పిల్ల బ్యాగు కూడా దించకుండా ఫోను తీసింది. అటు మోగింది, మోగింది, ఆగిపోయింది.

"ఆఫీసు మూసేసినారు. రేపు పొద్దున్నే మళ్ళీ చేస్తా. వాళ్ళు వచ్చేదాకా ఆపితే చాలమ్మా. చెట్లు నిలబడుంటేనే ఆర్డర్ వేస్తారు. పడిపోయినాక వచ్చి ఏం చూస్తారు?"

"ఎట్ట ఆపేది? నేనూ నువ్వూ పోయి చేతులు కట్టుకుని నిలబడితే ఆగతారా?"

"పోలీసులకి చెప్దామా?"

"వేండాం, వద్దు. పోలీసులొస్తే వీధంతా ఒకటైపోతుంది, మనం వేరే అయిపోతాం."

ఇప్పుడు మాత్రం వేరు కాలేదా అని తనుశ్రీ అడగలేదు. అమ్మ ముఖం చూసి అడగబుద్ధి కాలేదు.

కాంచన మూలనున్న పడుగు ఉండ వైపు చూస్తోంది. వరదన్ ఎంతో ఓపికగా సిద్ధం చేసుకున్న పడుగు అది. చేతులు రావని తెలిశాక దాని మీద గుడ్డ కప్పేశాడు. ఆమె ఆ గుడ్డ తీసి, మడిచి పక్కన పెట్టింది.

"పెద్ద గిన్నె దించు తనూ. గంజి కాయాల."

సెల్లమ్మ వీపు కదిలింది. "ఎవరొస్తారని కాస్తా ఉండావు గంజి?"

కాంచన బియ్యం కడుగుతూ ఉండిపోయింది.

* * *

తెల్లవారేసరికి పావడిలో పడుగు చాపి ఉంది.

వీధికీ చెట్లకూ మధ్యన, కానుగల బారు పొడుగునా, వెదురు కర్రల మీద తొడ ఎత్తున అది తెల్లగా సాగి ఉంది. ఒక కొస బావి గోడకు, ఇంకో కొస రోడ్డు పక్కనున్న చివరి కానుగకు తాళ్ళతో కట్టి ఉంది. చెట్ల వెనకంతా, ఆ చివరి కానుగ దాకా, గోడే కాబట్టి ఏ చెట్టు దగ్గరికి పోవాలన్నా ఆ పడుగు దాటే పోవాలి. వీధి వైపున కాంచన ఒక చివరి నుంచి, తనుశ్రీ ఇంకో చివరి నుంచి కుంచెలతో దువ్వుతున్నారు. గంజి వాసన గాలిలో నిండింది.

లారీ వచ్చి ఆగింది. రంపం మిషను పట్టుకున్న మనిషి వేరే ఊరి నుంచి వచ్చినవాడు, వాడికి మగ్గమంటే ఏమిటో తెలియదు. దారాలు ఏవో అడ్డంగా ఉన్నాయనుకుని పంచె ఎగదోసి కాలెత్తాడు.

"దాటొద్దురా! తడి పడుగు!"

అరిచింది ధర్మలింగమే. అరిచాక తనే బిత్తరపోయాడు. ఎంత ప్రెసిడెంటైనా పుట్టింది మగ్గం గుంట పక్కనే కదా. ఆ వీధిలో తడి పడుగును పై నుంచి దాటరు, కింద నుంచి దూరరు. దాటినవాడి ఇంట్లో మగ్గం ఆగిపోతుందంటారు. నమ్మేవాళ్ళూ దాటరు, నమ్మనివాళ్ళూ దాటరు.

కాంచన కుంచె ఆపకుండా బావ వంక చూసింది. ఒక్క క్షణం ఆమెకు నవ్వు వచ్చింది.

ఆ నవ్వు ధర్మలింగం చూశాడు. చూసి, ఎవరినో పిలిచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకున్నాడు. పడుగుకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"సుమ్మా కూచోండప్పా అందరూ. తొందరేముంది? ఇద్దరాడోళ్ళు, ఇంత పడుగు. గంజి ఆరిపోతే పోగులన్నీ అట్టకట్టిపోతాయి. అప్పుడది పడుగు కాదు, చెత్త. చెత్తని దాటేదానికి ఏమి?"

మిషను వాళ్ళు లారీ నీడలో కూర్చుని బీడీలు ముట్టించారు. వీధి మొత్తం పెరటి గుమ్మాల్లోకి వచ్చింది. పడుగు చాపిన ప్రతి పొద్దూ ఆ వేళకు దాని మీద ఉండే చేతులన్నీ ఇవాళ కొంగుల్లో, లుంగీ ముడుల్లో దాక్కున్నాయి.

కాంచన ఎంత ఆత్రంగా దువ్వినా ముందు తడిపిన చోట పోగులు అప్పుడే ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. విడదీయబోతే అవతల ఆరిపోతోంది. అటు పరిగెత్తితే ఇటు ఆరిపోతోంది.

"రంజనీ!" అని పిలిచింది, పక్కింటి గుమ్మం వైపు చూస్తూ. "మీ మామ పావడిలో పడుగు చాపినన్ని దినాలూ నేను రాలేదా? నిండు కడుపుతో కూడా వచ్చినా కదే!"

రంజని కళ్ళు నేలకు వాలాయి. లోపలికి పోయి తలుపు వేసుకుంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

తనుశ్రీ ఫోను మోగింది. గంజి చేత్తోనే చెవి దగ్గర పెట్టుకుంది. వింటున్నంతసేపూ ఆ పిల్ల కళ్ళు పెద్దవవుతూ వచ్చాయి.

"అమ్మా! ఆఫీసర్లు ముందే వస్తా ఉండారంట! తిరువళ్ళూరు దాటేసినారంట!"

ఆ మాట పావడి అంతా వినిపించింది. ధర్మలింగం కుర్చీలో ముందుకు వంగాడు. మిషను మనిషి బీడీ పారేసి అతని ముఖం వంక చూశాడు.

అప్పుడు వరదన్ వచ్చాడు.

పెరటి తలుపు తీసుకుని, ఎవరి వంకా చూడకుండా, పడుగు వెంబడి నడిచాడు. నడుస్తూ నడుస్తూ చేత్తో పోగులు తడిమాడు. అతని ముఖంలో నొప్పి కాంచనకు స్పష్టంగా కనిపించింది. వచ్చాడు, ఎంతైనా వచ్చాడు అనుకుంది. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మజ్జిగన్నాన్ని కూడా క్షమించేసింది.

వరదన్ తిన్నగా రోడ్డు పక్క చివరి కానుగ దగ్గరికి పోయాడు. పడుగు కొస లాగి కట్టడానికే అనుకుంది. అతను చెట్టుకున్న ముడి విప్పాడు. తాడును తన నడుముకు చుట్టుకుని, రెండడుగులు లోపలికి వచ్చి, వెనక్కి వాలి నిలబడ్డాడు. పడుగు వంగలేదు. చెట్టు మాత్రం పడుగు అడ్డానికి బయట, విడిగా మిగిలింది.

"అన్నా!" అన్నాడు. "పడుగు నేను పట్టుకున్నా. ఆ కొస చెట్టుతో మొదలుపెట్టుకోండి, నేను అడ్డం రాను. ఆకు ఎత్తుకున్నోణ్ణే కదా. ముందు నాకు చేతులియ్యండి అన్నా, పడుగు పోతా ఉండాది!"

ధర్మలింగం లేవలేదు. చెయ్యి ఎత్తి వీధి వైపు ఊపాడు.

అంతే. గుమ్మాలన్నీ ఖాళీ అయ్యాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి వీధి వైపున భుజం భుజం రాసుకుంటూ పడుగు మీద పడ్డారు. వేసుకున్న తలుపు తీసుకుని రంజని కూడా వచ్చింది. అట్టకట్టిన పోగులు ఆ వేళ్ళ కింద చకచకా విడిపోయాయి. ఎవరో కాంచన చేతిలోని కుంచె కూడా లాగేసుకున్నారు. "నువ్వు కాసేపు కూచో అక్కా, అలిసిపోయినావు" అన్నారు ప్రేమగా.

పొద్దున్నుంచీ ఆమె ఏ చేతుల కోసం ఏడ్చిందో అవే చేతులు. పడుగు బతికింది. దాని అవతల మిషను గుర్రుమని మొదలైంది.

వరదన్ ఆమె వంక చూసి తల ఊపాడు. అన్నీ సర్దేసిన మనిషి తృప్తి ఉంది ఆ ముఖంలో. ఒక్క చెట్టే కదా అని అతను నిజంగానే అనుకుంటున్నాడు. ఆ ఒక్కటీ పడ్డాక అన్న బావి దగ్గరి ముడి కూడా విప్పమంటాడని, తను విప్పుతాడని, ఇంత తెలిసిన మగ్గంవాడికి అది మాత్రం తెలియలేదు. కాంచనకు అతని మీద కోపం కూడా రాలేదు.

రంపం బెరడుకు తగిలింది. చివరి కానుగ పై నుంచి ఆకులు రాలి తడి పోగుల మీద పడ్డాయి. ఎవరో జాగ్రత్తగా వాటిని ఏరి పారేశారు.

వీధి వైపు నుంచి అక్కడికి పోవడానికి దారి లేదు. జనమే జనం, అందరూ ఆమె పడుగును కాపాడుతున్నవాళ్ళే.

కాంచన కుచ్చెళ్ళు పైకి దోపింది.

"అమ్మా, వద్దు!" అంది తనుశ్రీ. అందరికంటే ముందు అర్థమైంది ఆ పిల్లకే.

కాంచన గంజి అంటిన అరచేతిని పడుగు మీద పెట్టి కిందికి నొక్కింది. కాలెత్తి అవతల వేసింది. పోగులు పుటపుటమని తెగాయి. రెండో కాలుకు చుట్టుకున్న వాటిని విదిలించుకోకుండానే, ఈడ్చుకుంటూ, చెట్ల వెనకగా పరిగెత్తింది.

పెరటి గుమ్మంలోంచి సెల్లమ్మ వేసిన కేకకు మిషను మనిషి కూడా ఉలిక్కిపడ్డాడు. "దాటేసిందిరా! తడి పడుగు దాటేసిందిరా!"

పడుగు మీదున్న చేతులన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. వరదన్ నడుముకున్న తాడు వదులైంది.

కాంచన చివరి కానుగకు వీపు ఆనించి నిలబడింది. ఊపిరి అందడం లేదు. వీపు కింద రంపం కోసిన చోట పచ్చి తడి రవికెకు అంటుకుంటోంది. "ఇప్పుడు కొయ్యి," అంది మిషను మనిషితో, వాడికి అర్థమయ్యేలా, మెల్లిగా.

వాడు మిషను ఆపేశాడు.

పడుగు నడిమికి తెగి రెండు వైపులా మట్టిలోకి జారుతోంది. అది నేలకు పడిపోయాక చెట్లకూ వీధికీ మధ్యన ఇంకే అడ్డమూ లేదు, ఆమె వీపు కాచేది ఒక్క చెట్టునే. ఆ సంగతి కాంచన అప్పుడే చూసింది.

ధర్మలింగం కూడా చూశాడు. కుర్చీలోంచి లేచాడు.